నీళ్ళు ముందా, నువ్వు ముందా

బ్ర్నో పట్నం, కార్మికుల హాస్టల్
ఏప్రిల్, మంగళవారం సాయంత్రం

ఒటాకర్ బావా,

అక్క చేత రాయించిన కబురు అందింది. ప్రతి శనివారం ఊరికొచ్చి ఫైర్ దళంతో ప్రాక్టీసు చెయ్యాలట. నీకూ చేతులున్నాయి కదా, నువ్వే రాయొచ్చుగా. మా ఫోర్‌మన్‌కి శనివారం సెలవంటే గిట్టదు. లేత్ మిషను ముందు నుంచి నన్ను కదలనివ్వడు. నెలకొక్క శనివారం వదిలితే అదే గొప్ప. నీ పంపు కోసం నేను ఉద్యోగం పోగొట్టుకోను.

అయినా నీ పంపుకి పరిగెత్తేవాడెందుకు? పోయినేడు జిల్లా పోటీలో ఏమైందో మర్చిపోయావేమో. నేను గొట్టం చివరి నాజిల్ పట్టుకుని గీత దగ్గరికి చేరి, నిలబడి, ముక్కు గోక్కుని, పక్కూరు ద్రాహోవ్ వాళ్ళ వెటకారాలన్నీ విన్నాక అప్పుడొచ్చాయి నీ నీళ్ళు, ముసలాడి ఉచ్చలాగా. 'ఏరా లుబోర్, గొడుగు కావాలా' అని వాళ్ళు అరిచింది నిన్ను కాదు, నన్ను.

నా పక్క మంచం స్లోవాక్ ఇమ్రిచ్ అడిగాడు, ఏమిట్రా ఈ ఫైర్ ఆట అని. చెప్పాను. తొట్టి నిండా నీళ్ళు, పక్కన పంపు, ఏడుగురు మనుషులు. తుపాకీ పేలగానే ఉరకాలి. ఒకడు పంపు నడుపుతుంటాడు, మిగతావాళ్ళు గొట్టాలు కలుపుకుంటూ పోతారు, అందరికంటే దూరం పోయేవాడు నాజిల్‌తో గీత మీద పడుకుని ఎదురుగా ఉన్న రేకు కన్నంలోకి నీళ్ళు కొట్టాలి. చూసేవాళ్ళు బీరు గ్లాసు సగం చేసేలోపు అంతా అయిపోవాలి. మొత్తం విని 'మరి మంటేదీ' అన్నాడు. మంట లేదన్నాను. 'మంట లేకుండా ఇంత గోలా' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఆ కోపం కూడా నీ మీదే.

షిఫ్టు దిగాక ఫ్యాక్టరీ గోడ వెంట పరిగెడుతున్నాను. పోటీ కోసం కాదు. పొద్దుట్నించి ఎవడో చెప్పిన కొలతకి ఎవడికో కావలసిన ముక్క కోస్తూ నిలబడిన కాళ్ళు ఇవి. సాయంత్రం ఒక్కపూటైనా నా మాట వినాలి కదా. మొదట్లో ఆలోచనలు ఊరకుక్కల్లా వెంటపడతాయి. రెండో మలుపు దగ్గర అవి అలిసిపోతాయి, నేను అలిసిపోను. తిరిగొచ్చాక చెత్తడబ్బాలో దొరికిన ఇత్తడి ముక్క తీసి, నాన్న కారు కిటికీ దించే పిడికి కొత్త బొడిపె చేస్తున్నా. ఆకురాయితో, చేత్తోనే. లేత్ మీదైతే చిటికెలో అవుతుంది. చిటికెలో అయ్యేది నాకక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. కారు మీద టార్పాలిన్ సరిగ్గా ఉందా? పోయినసారి ఒక మూల లేచి ఉంది. షెడ్డు కప్పు కారుతుంది. ఇల్లరికం వచ్చినవాడివి, ఇంట్లో ఏది కారినా నీకు పట్టదు గానీ, ఆ కారు నాది. నాన్న పోయాక అమ్మ అందరి ముందూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆగస్టు సెలవుల్లో దాన్ని నడిపిస్తాను. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి కొండమీది సత్రానికి తీసుకెళ్ళి ప్లమ్ పండ్ల రొట్టె తినిపిస్తాను. ఆదివారాలు అలాగే కదా వెళ్ళేవాళ్ళం. నాన్న స్టీరింగ్ ముందు, అమ్మ పక్కన, నేను వెనక. కిటికీ దించితే దేవదారు వాసన ముక్కుకి కొట్టేది. ఆ ఊళ్ళో నాకు కావలసింది అదొక్కటే. నీ కప్పులూ పతకాలూ నువ్వే ఉంచుకో.

టార్పాలిన్ సంగతి రాయి.

లుబోర్


లిప్కోవా
మే, ఆదివారం

పట్నపు బావమరిది దొరగారికి,

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. ఇల్లరికం అన్నచోట ఆగి, నా మొహం చూసి, మళ్ళీ గట్టిగా చదివింది. దానికదో సరదా. నీకు ఫోర్‌మన్ అంటే భయం, నాకు మీ అక్క లిబుషె అంటే భయం. ఇద్దరం మగాళ్ళమే.

చేతులున్నాయిగా రాయొచ్చుగా అన్నావు. రాస్తున్నా చూసుకో. ఈ చేతులు పొద్దంతా కలప మిల్లులో రంపం ముందుంటాయి. వచ్చే పలకా ఒకటే, పోయే పలకా ఒకటే. అది ఎవరింటి నేలవుతుందో, ఎవరి శవపేటికవుతుందో నాకెవరూ చెప్పరు. సాయంత్రం దళం షెడ్డులో పంపు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే అప్పుడు చేతులు నావవుతాయి. ఒక స్క్రూ పావుచుట్టు తిప్పి చెవి పెట్టి వింటాను. మళ్ళీ పావుచుట్టు. సూప్ చల్లారిపోతోందని మీ అక్క మనిషిని పంపుతుంది. వచ్చినవాడూ స్టూలు లాక్కుని కూర్చుంటాడు. అలా నలుగురం అవుతాం. నలుగురం ఇంజనే వింటాం. నీ గోడ చుట్టూ పరుగు గొప్పదే, కాదన్లేదు. కానీ నాది వెర్రి, నీది తత్వం అన్నట్టు రాయకు.

ముసలాడి ఉచ్చ అన్నావు కదా. పోయిన శుక్రవారం నువ్వు చూడాల్సింది. నాజిల్ హినెక్‌కిచ్చాను. పోస్టుమాన్ కొడుకు, తెలుసుగా, కాళ్ళు పొడుగు, బుర్ర పొట్టి. పంపు నేను నడిపాను. వాడు గీతకి ఇంకా పది అంగల దూరంలో ఉండగానే నీళ్ళు వాణ్ణి అందుకున్నాయి. గొట్టం పామై లేచింది. వాణ్ణి ఎత్తి దురదగొండి పొదలో వేసింది. మేం పోయి చూస్తే వెల్లకిలా పడుకుని 'మామా, ఇది పంపా, ఎద్దా' అంటున్నాడు. మన దళం పెద్దాయన వావ్రిన్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నేను నవ్వలేదు. ఆ చప్పుడింకా చెవుల్లో ఉంది. యాక్సిలరేటర్ లాగగానే ఇంజను తటపటాయించలేదు, అడగలేదు, పాడింది.

ఇప్పుడీ నీళ్ళకంటే ముందు పోగలిగిన కాళ్ళు ఊళ్ళో ఒకే జత. అవేమో బ్ర్నోలో గోడ చుట్టూ తిరుగుతున్నాయి. జూలై రెండో ఆదివారం జిల్లా పోటీ. రా. బతిమాలను.

ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. అందరూ క్షేమం.

ఒటాకర్


బ్ర్నో
మే, గురువారం సాయంత్రం

బావా,

రెండు పేజీలు రాశావు. టార్పాలిన్ అన్న మాట ఎక్కడా లేదు. వానలు బాగా పడుతున్నాయట, రైతు కబుర్లు.

సరే, ఇది చెప్పు. ఆ ఇంజను నాకు తెలుసు. దాని శ్వాస ఎంతో, దగ్గు ఎంతో తెలుసు. చెవి పెట్టి వింటే గొడ్డు ఇంజను పాలివ్వదు. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉన్న సిలిండర్ హెడ్, ఆ ఇంజను మీది ఇనుప మూత, పగుళ్ళు పట్టి ఉంది, నేనే చూశాను. కొత్తది దొరకాలంటే మన దేశంలో పెళ్ళికూతురు దొరికినంత కష్టం. కాబట్టి ఎక్కణ్ణుంచో పీకావు. ఎక్కణ్ణుంచో కూడా నేనే చెబుతా. నిజం మంటలార్పడానికి ట్రక్కు మీదుండే సర్వీసు పంపుకీ అదే ఇంజను. దాని హెడ్ తీసి నీ ఆటపంపుకి తగిలించావు. పగుళ్ళది దానికి పెట్టి పైన రంగేశావు.

ఒక రేకుకప్పు కోసం ఊరికున్న ఒక్క పంపుని కుంటిదాన్ని చేశావంటే నువ్వు మనిషివా? రేపు గడ్డివాములు ఎండుతాయి. ఎవడో పొగతాగే పైపు దులుపుతాడు. వావ్రిన్ పెద్దాయన సైరన్ మోగిస్తాడు. నువ్వు సర్వీసు పంపు తాడు లాగుతావు. ఏం వస్తుంది దాన్నుంచి? దగ్గు. అప్పుడు ఆటపంపు తెస్తావు. అది అరనిమిషం పాడి చస్తుంది. ఎందుకంటే అరనిమిషం పాడటానికే దాన్ని నువ్వు చేశావు. అమ్మ ఆ ఊళ్ళోనే ఉంది, అక్క ఆ ఊళ్ళోనే ఉంది. ముందు ఆ హెడ్ తీసి సర్వీసు పంపుకి పెట్టు. లేకపోతే నేనే వావ్రిన్‌కి రాస్తాను. నాకు మొహమాటం లేదు.

నిన్న పరిగెడుతూ ఇంకోటి అనుకున్నా. మన ఆటలో నీళ్ళూ మనిషీ ఒకేసారి చేరాలి. నీళ్ళు వెనకబడితే మనిషి వెధవ, మనిషి వెనకబడితే నీళ్ళు మృగం. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడదు, మధ్యలో గొట్టం. పంపు దగ్గరున్నవాడు నా కాళ్ళని నమ్మాలి, నేను వాడి చెయ్యిని నమ్మాలి. దొంగ చెయ్యిని ఎలా నమ్మమంటావు?

కారు పిడికి బొడిపె అయిపోయింది. పార్సిల్‌లో పంపుతున్నా. బిగించు. పోనీ, నువ్వు ముట్టుకోకు, అక్కకివ్వు.

లుబోర్


లిప్కోవా
జూన్

ఒరే లుబోర్,

దొంగ అన్నావు. బాగుంది.

సర్వీసు పంపు పిల్లిలా హాయిగా గుర్రుమంటోంది. పోయిన ఆదివారం చర్చి నుంచి జనం వస్తుంటే వావ్రిన్ పెద్దాయనే దాన్ని బయటికి తీయించి, తన చేత్తో తాడు లాగి, చెరువు అవతల దాకా కొట్టించాడు. ప్రాజాకోవా ముసలమ్మ కోళ్ళు తడిసి చెట్టెక్కాయి. ఆవిడ పెద్దాయన్ని తిట్టిన తిట్లు ఈ కాగితం మీద పట్టవు. హెడ్ విప్పి చూసుకున్నా దానిది దానికే ఉంది. కావాలంటే పెద్దాయనకి రాయి. నువ్వు రాసే లోపల నేనే నీ ఉత్తరం ఆయనకి చూపించాను. ఆయన ఏమన్నాడో తెలుసా? 'కుర్రాడికి ఊరి మీద ప్రేముంది, నోట్లో మాత్రం ఆకురాయి ఉంది' అన్నాడు.

నీకు ఊరి మీద అంత బెంగుంటే ఊళ్ళో ఉండాల్సింది. పక్క మంచం వాడికి మా ఆట గురించి చెప్పి సిగ్గుపడే మనిషివి, మా గడ్డివాముల గురించి నీకెందుకు? శుక్రవారం సాయంత్రం వచ్చి గొట్టం ఒక్కటి చుట్టి చూడు. చుట్టడం కూడా మర్చిపోయుంటావు.

హెడ్ ఎక్కడిదంటావా. ఉన్నచోటిదే.

ఒటాకర్

తమ్ముడూ, కింద జాగా ఉంది కాబట్టి నేను రాస్తున్నా. ఈయన చెప్పడు. పార్సిల్ విప్పాక ఆ ఇత్తడి బొడిపె చేతిలో పెట్టుకుని సాయంత్రమంతా పెరట్లో కూర్చున్నాడు, బిగించలేదు. హెడ్ నాన్న కారుది. రెండు ఇంజన్లూ ఒకే కుటుంబం, నీకే బాగా తెలుసు. రాయమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అమ్మకి తెలుసు. అమ్మ మీద అరవకు. — లిబుషె


బ్ర్నో
జూన్

ఒటాకర్ గారికి,

మీ ఉత్తరం, మీ భార్య చేతిరాత అందాయి.

మీరు నా కారు లోంచి తీసిన హెడ్‌ని తిరిగి నా కారుకి బిగించండి. ఏ క్రమంలో బోల్టులు బిగించాలో మీకు తెలుసు. నేను జూలై పోటీకి రాను. హెడ్ పంపు మీద ఉన్నంతకాలం మీ ఊరి తరఫున ఎక్కడా పరిగెత్తను. మీకు ఇంజను కావాలో కాళ్ళు కావాలో తేల్చుకోండి. రెండూ దొరకవు.

ఉత్తరం చదివినప్పుడు మొదట నాకేమనిపించిందో చెప్పనా? సర్వీసు పంపుదే తీసుంటే బాగుండేది కదా అనిపించింది. ఊరు కాలితే కాలనీ, నా కారు బాగుంటే చాలు అనిపించింది. గడ్డివాములని అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే. నా లోపల ఉన్న ఆ నీచుణ్ణి నాకు చూపించింది మీరు. అందుకు మిమ్మల్ని క్షమించను.

లుబోర్ హ్రుష్కా


లిప్కోవా
జూన్ చివర

లుబోర్,

మీరు అంటావు. ఒటాకర్ గారు అంటావు. మిల్లు మేనేజరు కూడా నన్ను గారు అనడు. మీ అక్క అది చదివి మొదటిసారి నవ్వలేదు.

విను. నీకు నచ్చకపోయినా విను.

అత్తయ్యని అడిగే తీశాను. 'తీసుకో, ముసుగేసుకుని పడుకున్న ఇనుమే కదా' అంది. నీకు రాస్తానంటే 'వాడు ఒప్పుకోడు, తర్వాత నేను చెబుతాలే' అంది. అత్తయ్య మీదికి తోసేస్తున్నానని అనుకోకు. చెయ్యి నాది.

అది నాన్న హెడ్ అని నీ బాధ. ఆయన నీకు నాన్న. నాకెవరు? నేనీ ఇంటికి వచ్చిన మొదటి రెండేళ్ళు భోజనాల బల్ల దగ్గర ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడింది కారు కిందే. 'పన్నెండో నంబరు స్పానర్ ఇవ్వు.' 'పట్టుకో.' 'వదలకు, వెధవా.' మామగారు అల్లుడితో అంతకంటే ఏం మాట్లాడతాడు? నాకది చాలు. ఆ హెడ్‌ని ఆయనా నేనూ ఎన్నిసార్లు విప్పి పెట్టామో నీకు తెలీదు, నువ్వు వెనక సీట్లో ఆడుకునేవాడివి. కాబట్టి నాన్న అన్న మాటతో నన్ను కొట్టకు.

ఇంజనా కాళ్ళా అని షరతు పెట్టావు. లేత్ మీద పనిచేసేవాడివి, లెక్క సరిగ్గా చెయ్యి. ఆ హెడ్ ఉంటే నీళ్ళు నువ్వు తప్ప ఇంకెవడూ అందుకోలేనంత వేగం. ఆ హెడ్ లేకపోతే ఎవడైనా అందుకుంటాడు, నీ అవసరమే లేదు. అలాంటి పంపు చెయ్యడం తప్పే. ఊళ్ళో ఉన్న కాళ్ళకి సరిపడా చెయ్యాలి గానీ ఊళ్ళో లేని కాళ్ళకి చేశాను. పోయినేడు నువ్వు ఎండిన నాజిల్ పట్టుకుని గీత మీద నిలబడితే, పంపు దగ్గరున్నది నేను. ఇంటికొచ్చేదాకా ట్రక్కులో నీ మొహం చూడలేదు. చలికాలమంతా ఆ నిలబడటమే కళ్ళముందు. అంతే, ఇంకేం లేదు.

ఇంకోటి ఉంది. అది కూడా చెప్పేస్తే పోతుంది. హెడ్‌ని ఉన్నదున్నట్టు పెట్టలేదు. మిల్లులో రంపాలు సానబెట్టే యంత్రం మీద దాని అడుగు చెక్కించాను, సిలిండర్ లోపల నొక్కుడు, బిగువు పెరిగి ఇంజను బలంగా కొట్టడానికి. చెక్కేసిన లోహం మళ్ళీ అతకదు. కారుకి పెడితే మామూలు పెట్రోలుతో కొండెక్కేలోపు టకటకలాడి పిస్టన్లు కాల్చుకుంటుంది. పెట్టమంటే పెడతాను. కానీ అది మీ నాన్న కారు చప్పుడు కాదు.

ఇప్పుడు తిట్టు.

ఒటాకర్


బ్ర్నో
జూలై

ఎంత చెక్కించారు? కొలత రాయండి. ఇంకేమీ రాయకండి.

లుబోర్ హ్రుష్కా


లిప్కోవా
జూలై

మిల్లీమీటరున్నర. అంచు దగ్గర కాస్త ఎక్కువుంటుంది, యంత్రం వంకర.

హెడ్ నిన్ననే విప్పి నీ కారుకి బిగించేశాను. నీ బొడిపె కూడా బిగించాను. పంపుకి పాత పగుళ్ళ హెడ్ పెట్టాను. ఆదివారం నాజిల్ హినెక్ పట్టుకుంటాడు. సైన్యం నుంచి విడుదలై ఇంటికొచ్చినంత సంతోషంగా ఉన్నాడు, నీళ్ళు తనని తన్నవని. నీకు చెప్పాల్సింది అయిపోయింది. సెలవుల్లో వచ్చి కారు తోసుకుపో. నా షెడ్డులో జాగా కావాలి.

ఒటాకర్


లిప్కోవా, మన ఇంటి పెరడు
జూలై, ఆదివారం సాయంత్రం

బావా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. దళం షెడ్డులో నీ బల్ల మీద పెడుతున్నా. మీ ట్రక్కు ఇప్పుడే రాదని తెలుసు. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళకంటే ఎక్కువ తాగుతారు.

వచ్చాను. పోటీకే వచ్చాను. నువ్వు ఓడిపోతే చూద్దామని. బీరు కొట్టు వెనక, సాసేజీల పొగలో నిలబడ్డాను. తుపాకీ పేలింది. మీవాళ్ళు గొట్టాలు బాగా కలిపారు, అది ఒప్పుకోవాలి. హినెక్ బాగానే ఉరికాడు. గీత చేరాడు, పడుకున్నాడు, నాజిల్ గురిపెట్టాడు. ఏమీ రాలేదు. వాడు తలెత్తి వెనక్కి చూశాడు, బస్సు ఎప్పుడొస్తుందా అన్నట్టు. ద్రాహోవ్ వాళ్ళు మొదలుపెట్టారు. 'ఏమయ్యా లిప్కోవా, నీళ్ళు నడిచొస్తున్నాయా, ఉత్తరం రాశాయా' అని. నా పక్కనున్న లావుపాటాయన నవ్వుతూ నా మీద బీరు ఒలకబోశాడు. నేను ఆయన్ని నెట్టాను. ఎందుకు నెట్టానో నాకు తెలీలేదు. నవ్వడానికి వచ్చింది నేను కూడా కదా.

అప్పుడు నిన్ను చూశాను. యాక్సిలరేటర్ మీద చెయ్యి పెట్టి, ఇంజను మీదికి వంగి, దాని చెవిలో ఏదో చెబుతున్నట్టున్నావు. నీ పెదవులు కదిలాయి. తిట్టావో బతిమాలావో. నీళ్ళు వచ్చాక కూడా నువ్వు తలెత్తలేదు. నాకు సరదా తీరలేదు. ఎవడు ఓడిపోతే చూడాలని వచ్చానో ఆ మనిషి నువ్వు కాదన్నట్టనిపించింది. జాలి అనుకోకు. నీ మీద జాలిపడే ఖాళీ నాకు లేదు.

ఎవరికీ కనపడకుండా బస్సెక్కి ఇక్కడికొచ్చా. సంచిలో రాగి పలక ఉంది. కొలత ఎందుకడిగానో ఇప్పుడు చెబుతున్నా. నువ్వు చెక్కేసిన మందానికి సరిగ్గా రాగి పలక కోసి హెడ్ కింద వేస్తే బిగువు పాత బిగువవుతుంది, కారు కొండెక్కుతుంది. చెక్కేసిన లోహం అతకదన్నావు. అతకక్కర్లేదు, దాని బదులు ఇంకోటి కూర్చోబెట్టొచ్చు. కన్నాలన్నీ చేత్తోనే తొలిచాను. వంకర అంచు కూడా ఆకురాయితో సరిచేశాను. ఇమ్రిచ్ మంచం మీద కూర్చుని 'నీకు పెళ్ళాం లేకపోవడం మంచిదైంది' అన్నాడు.

షెడ్డులో టార్పాలిన్ తీశాను. బోల్టులన్నీ మధ్య నుంచి అంచులకి, సరైన క్రమంలో బిగించావు. తిట్టడానికి ఒక్కటి కూడా వదల్లేదు. స్పానర్ తీసేసరికి అమ్మ వచ్చింది. దండెం మీది బట్టలు చేతిలోనే ఉన్నాయి.

"ఏరా, చెప్పా పెట్టకుండా. తిన్నావా?"

తినలేదన్నాను. "ఆగస్టులో నిన్ను కొండమీదికి తీసుకెళ్తున్నా, వెళ్ళేవాళ్ళంగా, అలాగే" అన్నాను.

"ఎవరితో వెళ్ళేవాళ్ళం?"

"నాన్నతో. ఈ కార్లో."

అమ్మ బట్టలు కారు టాపు మీద పెట్టింది. "ఈ కారు వాకిలి దాటింది పెళ్ళికోసారి, చావుకోసారి. మీ అక్క పెళ్ళికి చర్చిదాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు తోసుకొచ్చాం. కొండమీదికి బస్సులో పోయేవాళ్ళం కదరా. నిన్ను మీ నాన్న మెడమీద కూర్చోబెట్టుకునేవాడు."

"ఆదివారాలు నువ్వు ముందు సీట్లో కూర్చునేదానివి. నాకు గుర్తుంది."

"కూర్చున్నాను. ఇక్కడే. ఆయన కింద పడుకుని తొక్కు అంటే తొక్కేదాన్ని, వదులు అంటే వదిలేదాన్ని. ఎండాకాలమంతా అదే. నువ్వు వెనక నిద్రపోయేవాడివి."

"కిటికీ దించితే దేవదారు వాసన వచ్చేది."

"కలప మిల్లు ఇంటి వెనకేగా, పిచ్చి సన్నాసీ."

బావా, నేను లేత్ మీద వెంట్రుక మందం తేడా పట్టుకుంటాను. ఇది ఇన్నేళ్ళూ పట్టుకోలేకపోయాను. అమ్మ మీద కోపం వచ్చింది. తర్వాత నాన్న మీద వచ్చింది. ఒక్క ఆదివారమైనా దాన్ని కలిపి ఉంచి, మమ్మల్ని ఎక్కించుకుని పోయుండొచ్చుగా. "మరి నీకు విసుగు రాలేదా" అని అడిగాను. "రాకేం" అంది. "కానీ ఆయన కింద నుంచి పైకొచ్చేటప్పుడు మొహం చూడాలి నువ్వు. కొండమీదికి పోయినా ఆ మొహం ఉండేది కాదు."

ఆ మొహం నాకు తెలుసు. ఎక్కడ చూశానో నీకు చెప్పను.

రాగి పలక సంచిలోంచి తీశాను. వేస్తే కారు నడుస్తుంది. ఆగస్టులో అమ్మని ఎక్కించుకుని, ఎప్పుడూ జరగనిదాన్ని మళ్ళీ చేస్తాను. అది తప్పని కాదు. కానీ అమ్మ అడగలేదు. నాన్న అడగలేదు. అడిగింది నేనొక్కణ్ణే, అది కూడా నిద్రలో.

హెడ్ విప్పాను. నేను బోల్టులు తీస్తుంటే అమ్మ పోయి ముందు సీట్లో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే పెడల్ తొక్కింది. ఇంజను విప్పేస్తుంటే ఎందుకు తొక్కుతున్నావని అడగలేదు. వదులు అన్నాను. వదిలింది.

హెడ్ నీ బల్ల కింద ఉంది, నూనెగుడ్డలో. పంపుకి బిగించుకో. రాగి పలక నీకివ్వను. ఆగస్టు చివరి ఆదివారం ద్రాహోవ్ వాళ్ళ ఊళ్ళోనే పోటీ ఉందట, పోస్టరు చూశాను. నా సెలవులు అప్పుడే. రోజూ సాయంత్రం షెడ్డుకొస్తాను. సూప్ చల్లారనీ. హినెక్‌కి గొట్టం ఇవ్వు, వాడు మంచివాడే, వాణ్ణి దురదగొండిలో వెయ్యకు. నాజిల్ నాది.

కారు కూడా నాదే. నువ్వు దాన్ని వాడుకున్నావని నేను ఒప్పుకున్నట్టు కాదు. ఇంకో బోల్టు నన్నడక్కుండా తీస్తే చెయ్యి విరుస్తాను.

నేను గీత మీద పడేసరికి నీళ్ళు నా చేతిలో ఉండాలి. ముందొస్తే దురదగొండిలోంచి లేచి వచ్చి తంతాను. ఆలస్యమైతే లేవాల్సిన పని కూడా లేదు, నిలబడే ఉంటాను కాబట్టి నేరుగా వచ్చి తంతాను.

అమ్మ కూడా చూడటానికొస్తుందట. బస్సులో.

లుబోర్